అమ్మ ఎక్కడుంటే బండి అక్కడ

పోయిన ఏడు ఆషాఢంలో మేం బండి కొన్నాం. ఆషాఢంలో ఎవరన్నా బండి కొంటారా అంకుల్ అని కింద కామెంట్లో రాయబోతున్నారని నాకు తెలుసు, ఆగండి. ఆ మాట మా ఆవిడ ఉషశ్రీ ముందే అంది. దానికి మా అమ్మే జవాబు చెప్పింది.

“ఆషాఢం అడ్డొచ్చేది కొత్తదానికే ఉషా. ఇది పాతదేగా. దాని శ్రావణం ఎప్పుడో వచ్చి పోయింది.”

మా అమ్మ పేరు దుర్గాంబ. ఎనభైకి దగ్గర పడింది. మోకాళ్ళు అరిగినయ్ గానీ నోరు అరగలా. మేమిద్దరం కొడుకులం ఆవిడకి. మా అన్నయ్య వీరరాఘవయ్యది నందిగామలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. నేను నరేంద్రని. జగ్గయ్యపేటలో మోటార్లకి వైండింగ్ చేస్తా. చుట్టుపక్కల పొలాల్లో కాలిపోయిన మోటారల్లా నా షాపుకే వస్తది. నా చదువంటారా, పదో క్లాసు గుమ్మం దాకా వెళ్ళి లోపలికి పోకుండా వెనక్కొచ్చింది.

నాన్న పోయిన దగ్గర్నించీ అమ్మకి వంతులు. ఓ నెల నందిగామ, ఓ నెల పేట. ఒకటో తారీఖున మారాలి. మా వైపు ఇది మామూలే, ఎవరూ తప్పుగా అనుకోరు. కాకపోతే ఆ ఒకటో తారీఖు ఉంది చూశారూ, అది రబ్బరులాంటిది. పంపేవాళ్ళకి ముందు నెల ఆఖర్లోనే వచ్చేస్తది. తీసుకునేవాళ్ళకి ఎంతకీ రాదు.

“అన్నయ్యా, అమ్మని పంపించమంటావా?”

“పంపురా, పంపకేం. కాకపోతే మీ వదిన వాళ్ళ చెల్లెలు పిల్లల్తో వచ్చి ఉంది. వాళ్ళెళ్ళాక ఫోన్ చేస్తాలే.”

ఇట్టాంటియ్యి నేనూ చెప్పా, వాడూ చెప్పాడు. అమ్మ సంచి సర్దుకుని ఎవరు ఏ రోజంటే ఆ రోజు బయల్దేరేది. ఏమీ అనేది కాదు.

జూన్‌లో తొలి వాన పడుతున్న రోజున ఆవిణ్ణి తీసుకురావడానికి నందిగామ వెళ్ళా. బస్టాండులో బస్సెక్కించాలి. మెట్టు ఎత్తు, అమ్మ మోకాలు లేవదు. పైనుంచి కండక్టరు లాగతన్నాడు, కిందనుంచి నేను తోస్తన్నా, వెనకోళ్ళు “కానియ్యండి కానియ్యండి” అంటన్నారు. ముగ్గురం తడిసి ముద్దయ్యాం. చివరికి సీట్లో కూలబడి అమ్మ అందరికీ వినపడేట్టు అంది.

“ఏరా చిన్నోడా, వడ్లబస్తాని కూడా ఇంతకంటే మర్యాదగా ఎక్కిస్తార్రా.”

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వా. ఇంటికొచ్చాక మాత్రం ఆవిడ మంచం దిగలేకపోయింది. డాక్టరు చూసి, ఇక బస్సు మెట్లు మర్చిపొమ్మన్నాడు. ఆటోలో రావాలంటే హైవే మీద అంతదూరం కుదుపులు. జల్లు కొడితే రెండు పక్కల్నించీ స్నానం.

ఆదివారం అన్నయ్యా వదినా చూడ్డానికొచ్చారు. అమ్మ మంచం పక్కనే కూర్చుని అన్నయ్య మాట ఎత్తుకున్నాడు.

“కారు కొందాంరా. చెరి సగం.”

“చిన్నదా?”

“చిన్నదెందుకు? ఏడు సీట్లది కొందాం. వెళ్తే అందరం వెళ్ళాలి. వానల్లో చెవిటికల్లు పొలం దారి చూశావుగా, ఆ బురదలో దిగబడకూడదు. హైవే మీద నీళ్ళున్నా దాటాలి. ఎండకి లోపల చల్లగా ఉండాలి. ఎత్తుగా ఉండాలి.”

“మరీ ఎత్తయితే అమ్మ ఎక్కలేదు.”

“అంత ఎత్తు కాదు.”

చివరికి ఏ కంపెనీది కొన్నామో ఇక్కడ చెప్పను. చెప్తే కథ వదిలేసి కింద మీరు మీరు కొట్టుకుంటారు.

కొత్తది మన వల్ల కాదు, సెకండ్ హ్యాండే అనుకున్నాం. అప్పుడు మా వదిన అడిగింది. “ఎవరి పేరు మీద కొంటారు?”

అన్నయ్య నన్ను చూశాడు, నేను ఫ్యాన్ని చూశా.

“అమ్మ పేరు మీద” అన్నా.

“బానే ఉంది” అంది మా ఉష. “మరి ఏ ఇంటి ముందు పెడతారు?”

అన్నయ్య పంచాయితీలు తీర్చే మనిషి. కొట్టుకొచ్చే రైతులు గట్ల తగాదాలు కూడా వాడికే చెప్పుకుంటారు. తడుముకోలా. “అమ్మ ఎక్కడుంటే బండి అక్కడ. ఆవిడ కోసమేగా కొంటంది. ఆవిడతోపాటే వస్తది, ఆవిడతోపాటే పోద్ది.”

అంత న్యాయమైన మాట మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ అనలా. తోడికోడళ్ళిద్దరూ ఒకే మాటకి తలాడించడం కూడా నేనప్పుడే చూశా. అమ్మ మాత్రం మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది.

“అయితే నాకూ దానికీ కలిపి ఒకే వంతన్నమాట” అంది.

అందరం నవ్వాం.

బండి చూడ్డానికి అమ్మ కాస్త తేరుకున్నాక బెజవాడ వెళ్ళాం. ఓ రోజుకి కారు మాట్లాడుకున్నాం, ఆవిడా వస్తానంది కాబట్టి. అన్నయ్య కొడుకు హరిచరణ్ తోలాడు. వాడికి పాతికేళ్ళు దాటినయ్, కొట్లో కూర్చోవాలి గానీ కూర్చోడు. కార్ల గురించి మాత్రం అద్దం తుడిచే గుడ్డ దగ్గర్నించీ చెప్తాడు.

బ్రోకరు చూపించిన మొదటి బండి పెళ్ళికొడుకులా ఉంది. మెరిసిపోతంది. హరిచరణ్ అప్పుడే పక్కన నిలబడి ఫోటో కూడా దిగాడు. అమ్మ తలుపు తీయించి, తల లోపల పెట్టి గాలి పీల్చింది.

“ఇది నీళ్ళలో ఉన్న బండి.”

“అబ్బే, లేదు మామ్మగారూ” అన్నాడు బ్రోకరు. “లోపలంతా క్లీన్ చేయించి సెంటు కూడా కొట్టించాం.”

“అదే బాబూ. ఎందుకు కొట్టించారూ?”

అతను నవ్వాడు, పక్క బండి దగ్గరికి నడిచాడు. అమ్మ పుట్టిల్లు చెవిటికల్లు. వరదకి కృష్ణ ఇంట్లోకొచ్చి పోయాక గోడలు ఎట్టా వాసనొస్తయ్యో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ రోజు చూసినయ్యన్నీ అయ్యాక, సాయంత్రానికి ఓ రిటైరైన లెక్చరరుగారింట్లో తెల్లబండి దొరికింది. అన్నయ్య టైర్లు చూశాడు, నేను ఇంజను చప్పుడు విన్నా, మోటారు చప్పుడు నా చెవికి అబద్ధం చెప్పలేదు. హరిచరణ్ ఓ చుట్టు తిప్పుకొచ్చాడు. మేం ముగ్గురం పక్కకెళ్ళి బేరం ఎట్టా ఎత్తుకోవాలా అని గుసగుసలాడుతుంటే, వెనకాల దబ్‌మని తలుపు పడ్డ చప్పుడు. తిరిగి చూస్తే అమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది. పక్క మెట్టు మీద కాలుపెట్టి, పైన పిడి పట్టుకుని తనే ఎక్కేసింది.

“ఎవరూ తొయ్యకుండా ఎక్కాను చూడండ్రా” అంది. లెక్చరరుగారు అది విన్నాక ఇంకేం బేరం, ఆయన చెప్పిందే రేటు.

వేదాద్రిలో పూజ చేయించాం. నరసింహస్వామి కుంకుమ బానెట్టుకి పూసి, పూజారిగారు బండి ఎవరి పేరు మీదుందని అడిగాడు. “దుర్గాంబ” అని మా అందరికంటే ముందు అమ్మే చెప్పింది. చక్రాల కింద నిమ్మకాయలు పటపటమన్నయ్. కృష్ణ పక్కనే ఎర్రగా పోతంది. హరిచరణ్ తోలతంటే అమ్మ ముందు సీట్లో, మిగతా అందరం వెనకాల. ఏడుగురం కిక్కిరిసి పేట దాకా వచ్చాం. ఆ రోజు మేం బాగున్నాం. ఫోటో ఉంది, ఎప్పుడన్నా పెడతా.

అమ్మకి ఇంకా రెస్టు కావాలన్నారు కాబట్టి జులై నెలంతా మా ఇంట్లోనే. కాబట్టి బండీ మా ఇంట్లోనే.

అబ్బో, ఆ నెల గురించి ఏం చెప్పను! మా అమ్మాయి అక్షయ బీఎడ్ చేస్తంది, తెల్లారకముందే లేచే పిల్ల కాదు. అట్టాంటిది పొద్దున్నే లేచి నన్ను లేపి చిల్లకల్లు రోడ్డులో డ్రైవింగ్ నేర్చుకునేది. మా ఉష గోరింటాకు కోసం వాళ్ళ పిన్నమ్మ ఊరు బండిలో వెళ్ళొచ్చింది. గోరింటాకు మా వీధి చివర కూడా ఉంది, అది వేరే సంగతి. పెనుగంచిప్రోలు గుడికి రెండుసార్లు వెళ్ళాం. ఒకసారి మొక్కుంది, రెండోసారి మొక్కేం లేదు. నేను మోటార్లు డెలివరీ ఇవ్వడానికి వెనక సీటు మడిచేసి బండేసుకెళ్ళేవాణ్ణి. “ఏం నరేంద్రా, షావుకారువయ్యావే” అంటే “అమ్మదండీ” అనేవాణ్ణి. ఆ మాట అనేటప్పుడు గొంతు దానంతటదే కాస్త పెరిగేది.

మొదట్లో అమ్మ అన్నిటికీ వచ్చేది. తర్వాత్తర్వాత “మీరెళ్ళి రండిరా, నాకు నడుం లాగతంది” అనేది. మేం వెళ్ళొచ్చేవాళ్ళం.

నెలాఖరు దగ్గర పడ్డాక ఓ సాయంత్రం అక్షయ వాళ్ళ నానమ్మ కాళ్ళకి నూనె రాస్తా కూర్చుంది.

“నానమ్మా, ఆగస్టు కూడా ఇక్కడే ఉండిపోవే. నీ మోకాలికి ఇక్కడి డాక్టరు మందు బాగా పడిందిగా.”

“నా మోకాలి మీద నీకింత ప్రేమెప్పట్నించే?”

“ఎప్పుడూ ఉంది నానమ్మా.”

“అట్టాగా. పోయిన ఏడు కూడా ఉందా?”

అక్షయ నూనె కొంచెం గట్టిగా రాసింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆగస్టు ఒకటిన పాలవాడి కంటే ముందు మా గేటు చప్పుడైంది. చూస్తే అన్నయ్య. మొదటి బస్సుకొచ్చాడు, స్నానం చేసి బొట్టు కూడా పెట్టుకుని.

“అమ్మ రెడీయేనా? ఒకటో తారీఖుగా” అన్నాడు.

రబ్బరు సాగడం మానేసింది.

ఆ నెల నేను బండిని హరిచరణ్ స్టేటస్‌లో చూశా. చెవిటికల్లు ఏటొడ్డున బండి. కంచికచర్లలో హోటలు ముందు బండి. వానలో బండి, వాన వెలిసినాక బండి, దాని మీద వాలిన సీతాకోకచిలక. అమ్మ మాత్రం ఒక్క ఫోటోలోనే కనపడింది, అదీ అద్దంలోంచి సగం చెయ్యి. ఓ రోజు ఫోన్ చేసా.

“ఏం చేస్తన్నావమ్మా?”

“మీ వదినా నేనూ కూర్చుని చింతపండు వొలుస్తన్నాం.”

“బండి ఎట్టా ఉంది?”

“నా సంగతి అడగడానికి చేసావా, దాని సంగతి అడగడానికి చేసావా?”

“రెండూనమ్మా.”

“అది బాగానే ఉందిరా. ఊళ్ళు తిరుగుతంది. ఇంట్లో ఉండేది నేనే.”

సెప్టెంబరు ఒకటి వచ్చేసరికి వాన పట్టుకుంది. పైన ఖమ్మం వైపు కుండపోత, మున్నేరు నిండుగా వస్తందని టీవీలో చెప్తన్నారు. పొద్దున్నే అన్నయ్య ఫోను.

“ఒరేయ్, హైవే మీదకి నీళ్ళొచ్చినయ్. అమ్మని పంపలేను. చూద్దాంలే, ఓ పది రోజులు పోనీ.”

“నీళ్ళెక్కడొచ్చినయ్ అన్నయ్యా?”

“ఐతవరం దగ్గర.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలా. “ఐతవరం నీకు బెజవాడ వైపు. నేను నీకు హైదరాబాదు వైపు. అటు మునిగితే నా దగ్గరికి రావడానికేం?”

“ఇటు కూడా వస్తయ్యేమో ఎవరికి తెలుసురా” అన్నాడు.

గొడుగు తీసుకుని, అమ్మకని పండ్లు కొని బస్టాండుకెళ్ళా. బస్సు దొరికింది, రోడ్డు మీద వాన తప్ప ఏం లేదు. పత్తి చేలల్లో మాత్రం నీళ్ళు నిలబడి ఉన్నయ్. కిటికీ పక్కన కూర్చుని అన్నయ్యతో ఏం మాట్లాడాలో వరసపెట్టి అనుకుంటా పోయా. న్యాయం నా వైపుంది. న్యాయం మన వైపున్నప్పుడు బస్సు కూడా తొందరగా పోతన్నట్టుంటది.

వాళ్ళింట్లో అమ్మ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. చీర మార్చుకుని, తల దువ్వుకుని, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని. ఎప్పట్నించి కూర్చుందో. పోర్టికోలో బండి తలుపుల దాకా బురద. వాన పడుతున్నా హరిచరణ్ పైపుతో దాన్ని కడుగుతన్నాడు.

“వచ్చావా” అంది అమ్మ. “బస్సులున్నయ్యా మరి?”

“బ్రహ్మాండంగా ఉన్నయ్.”

అన్నయ్య లోపల్నించి వచ్చాడు. “నువ్వు రావడం వేరు, అమ్మ రావడం వేరురా.”

“అందుకేగా అన్నయ్యా బండి కొంది!”

“పది రోజులాగమంటే అంత కంగారేంటి? హరిగాడు వాళ్ళ ఫ్రెండు పెళ్ళికి బండి తెస్తానని మాటిచ్చాడు.”

“బండికి మాటిచ్చి అమ్మని ఆపుతావా?”

“అమ్మని ఆపకుండా బండిని ఎట్టా ఆపమంటావు? రూలు రూలేగా!”

“ఆ రూలు పెట్టింది నువ్వే! వంతు నాది. మా అక్షయకి డ్రైవింగు టెస్టుంది, చేయి అలవాటు పడ్డ బండి లేకుండా దేంట్లో ఇస్తదీ?”

“ఓహో, అదా సంగతి!”

“నీ సంగతేంటో మరి!”

గొంతులు లేచినయ్. పక్కింటి రాఘవమ్మగారు గోడ మీంచి తల పెట్టింది, నెత్తిన ప్లాస్టిక్ కవరు కప్పుకుని.

“దుర్గాంబక్కా, ఏం పుణ్యం చేసుకున్నావే తల్లీ! అమ్మ నాకొద్దంటే నాకొద్దని కొట్టుకునే కొడుకుల్ని చూశాం గానీ, నాకు కావాలంటే నాకు కావాలని కొట్టుకునేవాళ్ళని ఇక్కడే చూస్తన్నా.”

“అవును రాఘవమ్మా” అంది అమ్మ. “నా అదృష్టం.”

నవ్వుతానే అంది. హరిచరణ్ పైపు కట్టేశాడు.

“హరీ, తాళం ఇటు తే నాన్నా.”

వాడు చేతులు తుడుచుకుని తెచ్చిచ్చాడు. అమ్మ దాన్ని కుర్చీ చెక్క మీద, చేతి పక్కన పెట్టుకుంది.

“బండి నా పేరు మీదుందిగా. కాబట్టి రూలు నేను మారుస్తన్నా. ఇవాళ్టి నించీ నేనున్న ఇంట్లో బండి ఉండదు. బండి ఉన్న ఇంట్లో నేనుండను.” నా వైపు చూసింది. “వంతు నీది చిన్నోడా. ఏది తీసుకుపోతావు?”

ఎంత తేలిక ప్రశ్న! మీరైతే టకీమని చెప్పేస్తారు. నేనూ చెప్పేవాణ్ణే. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది.

“అది కాదమ్మా... ఇంత వానలో నిన్ను బస్సులో ఎట్టా...”

బండిలో మమ్మల్ని దింపి హరిచరణ్ బండి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ మాట నాకు తట్టలా.

అమ్మ అవునన్నట్టు తలాడించింది. “నిజమేరా. వానలో నేను బస్సెక్కలేను.” తాళం తీసి నా చేతిలో పెట్టింది.

అప్పుడు మా వదిన వంటింట్లోంచి వచ్చింది. గరిటె చేతిలోనే ఉంది. మా వదిన గురించి నేను చాలా అనుకునేవాణ్ణి, ఆవిడా నా గురించి అనుకునే ఉంటది. ఎవర్నీ చూడకుండా వంగి అమ్మ సంచి తీసుకుంది.

“బండి వాళ్ళని పట్టుకుపోమనండి అత్తయ్యా, పీడ పోద్ది. అది వచ్చినకాణ్ణించీ ఈ కొంపలో మగాడి మొహం కనపడ్డం లేదు. నాతో మాట్లాడేది మీరొక్కళ్ళే. రండి, కందిపప్పు మాడిపోద్ది.”

అమ్మ గోడ పట్టుకుని లేచి వదిన వెనకాలే లోపలికి పోయింది.

నేను బండేసుకుని బయల్దేరా. వైపర్లు టకటకా కొట్టుకుంటన్నయ్. బండి ఎంత బాగా పోతందంటే, గుంట వచ్చినా తెలియడం లేదు. వెనకాల అన్ని సీట్లూ ఖాళీ. పక్క సీటు బెల్టు పెట్టలేదని ఒకసారి కుయ్‌కుయ్‌మంది. చూస్తే నా గొడుగూ, అమ్మకని తెచ్చిన పండ్ల సంచీ ఆ సీట్లో పెట్టానన్నమాట.

ఇంటి ముందు హారన్ కొట్టకముందే అక్షయ పరిగెత్తుకుంటా వచ్చి గేటు తీసింది. “వచ్చేసిందీ!” అని ఎగిరింది. తర్వాత అద్దంలోంచి లోపలికి చూసింది. వెనక్కి వెళ్ళి వెనక సీట్లు కూడా చూసింది.

“నానమ్మేది నాన్నా?”

ఉష కొంగు నెత్తిన కప్పుకుని మెట్లు దిగొచ్చింది. నేను జరిగింది చెప్పా. అక్కడక్కడా కొంచెం తగ్గించే చెప్పా. అయినా ఉష ముందు ఏం తగ్గుద్ది?

“ఆవిడ ఏది కావాలని అడిగితే మీరు వాన గురించి మాట్లాడారా?”

“నేనన్నది ఆవిడ కోసమేనే.”

“అట్టాగా. పొద్దున్నే గదిలో మంచం తుడిచి దుప్పటేశా. మెత్తగా ఉంటదని ఆవిడకి గుమ్మడికాయ పులుసు పెట్టా. ఇప్పుడు ఆ మంచం మీద దీన్ని పడుకోబెట్టండి. పులుసు ట్యాంకులో పొయ్యండి.”

“డ్రైవింగు టెస్టు...” అన్నా అక్షయని చూసి.

“టెస్టు మళ్ళీ ఇస్తారు నాన్నా” అంది అది. మొహం మాత్రం చిన్నదైంది.

ఉష వీధిలోనే తలుపు తీసుకుని బండెక్కి కూర్చుంది. “తిప్పండి” అంది. అక్షయ వెనకెక్కింది.

నందిగామలో మమ్మల్ని చూసి అన్నయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. నేను తాళం తీసి వాడి చేతిలో పెట్టా.

“బండి నువ్వే ఉంచుకో అన్నయ్యా. నా వంతు నాకియ్యి.”

“నాకెందుకురా!” మళ్ళీ నా చేతిలోకి తోశాడు. “దీన్ని తోలతా మావాడు కొట్టు తెరవడమే మానేశాడు. నువ్వే ఉంచుకో. అమ్మ మీ వదినకి అలవాటైపోయింది.”

“అట్టా కుదరదు. నెల నాది.”

“నెల నీదే. నువ్వు బండి తీసుకున్నావుగా!”

“తెచ్చిచ్చాగా!”

లోపల తోడికోడళ్ళు అంతకంటే పైన ఉన్నారు.

“అక్కా, మా అత్తయ్యని పంపించెయ్” అంటంది ఉష.

“మీ అత్తయ్యేంటి? నాకేమన్నా పిన్నమ్మా ఆవిడ?”

“నెల నిండింది, నీ వంతైపోయింది.”

“నిన్న మొన్నటిదాకా నాలుగో తారీఖైనా ఫోనెత్తేదానివి కాదు, ఇప్పుడు వంతులు చెప్తన్నావా?”

“నువ్వెత్తేదానివా మరి?”

ఇద్దరూ టక్కున ఆగారు. అమ్మ వాళ్ళ మధ్య పీట మీద కూర్చుని ఉంది. అటు చూసింది, ఇటు చూసింది. ఈసారి గోడ మీద రాఘవమ్మగారు లేదు, వాన పెద్దదై లోపలికి పోయినట్టుంది. అమ్మ పెద్ద కోడలి చెయ్యి పట్టుకుని లేచింది.

“వచ్చే ఒకటికి వస్తానే. నువ్వు ఫోన్ చేస్తా ఉండు” అని చెప్పింది వదినకి. వదిన తలాడించి, మొహం పక్కకి తిప్పుకుని గిన్నె తోమడం మొదలెట్టింది.

అమ్మ రూలు ప్రకారం బండి ఇక నందిగామలోనే కాబట్టి, హరిచరణ్ తోలుకొచ్చి మమ్మల్ని పేటలో దింపాడు. అమ్మ మధ్య సీట్లో ఉష పక్కన కూర్చుని చిల్లకల్లు దాకా కునుకు తీసింది. ఇంటి దగ్గర దిగి, సంచి అక్షయకిచ్చి, బండి వైపు తిరిగైనా చూడకుండా మెట్లెక్కి లోపలికి పోయింది.

మేం ముగ్గురం గేటు దగ్గరే నిలబడ్డాం. హరిచరణ్ బండి వెనక్కి తిప్పాడు. తెల్లగా, కడిగిన ముత్యంలా ఉంది. మలుపు తిరిగేదాకా చూశాం. తిరిగినాక కూడా కాసేపు చూశాం.

“పోయిందా?” లోపల్నించి అమ్మ కేక.

“పోయింది నానమ్మా” అంది అక్షయ.

“ఏడుస్తన్నావా?”

“కొంచెం.”

“ఏడువులే, ఏం కాదు. రేపటికి సర్దుకుంటది. ఉషా, ఆ పులుసు వేడి చెయ్యవే, నాకు ఆకలేస్తంది.”